సోదరి ‘నాకొద్దు’ అంటే ఆమె వాటా మనదవుతుందా?

ధార్మిక విషయాల గురించి మమ్మల్ని అడిగేవారిలో ఎక్కువమంది నమాజు, ఉపవాసం, నికాహ్, తలాఖ్‌ల గురించి అడుగుతారు. వారసత్వం గురించి అడిగేవారు చాలా తక్కువ. ఆ కొద్దిమంది కూడా తరచూ ఒకే ప్రశ్న తెస్తారు. “నాన్నగారు చనిపోయి చాలా ఏళ్లయింది. ఆస్తి మేము అన్నదమ్ములం పంచుకున్నాం. అక్కచెల్లెళ్లు తమకేమీ వద్దన్నారు. కాగితాల మీద సంతకాలు కూడా పెట్టారు. ఇక మా మీద ఏ బాధ్యతా లేదు కదా?” అంటారు.

ఈ ప్రశ్నలోనే ఒక బెంగ దాగి ఉంది. మనసు నిశ్చింతగా ఉన్న మనిషి ఈ ప్రశ్న అడగడు. సంతకాలు చేతిలో ఉన్నా లోపల ఏదో గుచ్చుతోంది కాబట్టే అడుగుతాడు. ఆ గుచ్చుకోవడం విశ్వాసానికి (ఈమాన్‌కు) చిహ్నమే. దాన్ని నిద్రపుచ్చే జవాబు చెప్పడం మా పని కాదు. అందుకే మేము ముందుగా కొన్ని ఎదురు ప్రశ్నలు వేస్తాం. ఆమె ‘వద్దు’ అన్నప్పుడు తన వాటా ఎంతో ఆమెకు తెలుసా? ఆ వాటా ఆమె చేతికి అందిందా? ‘కావాలి’ అని చెప్పగలిగే ధైర్యం ఆమెకు ఉందా? అలా చెప్పి ఉంటే పుట్టింటి గడప ఆమెకు మునుపటిలాగే తెరచి ఉండేదా?

ఈ ప్రశ్నలకు జవాబు దొరికితే అసలు ప్రశ్నకూ జవాబు దొరికినట్లే.

వాటా ఇచ్చింది అన్నదమ్ములు కాదు

ముందు ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. సోదరికి ఇచ్చే వాటా సోదరుడు దయతలచి ఇచ్చే కానుక కాదు. అది తండ్రి ఇష్టాయిష్టాల మీద ఆధారపడిన విషయమూ కాదు. తల్లిదండ్రులు, దగ్గరి బంధువులు వదిలివెళ్లిన ఆస్తిలో పురుషులకు భాగం ఉన్నట్లే స్త్రీలకూ భాగం ఉందని, ఆ ఆస్తి కొంచెమైనా ఎక్కువైనా అది నిర్ణయమైపోయిన భాగమని దివ్యఖుర్ఆన్ (అన్నిసా: 7) ప్రకటించింది.

నమాజు ఎంత ముఖ్యమైన ఆరాధనో మనందరికీ తెలుసు. అయినా ఏ పూట ఎన్ని రకాతులు చదవాలో ఖుర్ఆన్‌లో అంకెలతో లేదు. దాన్ని దైవప్రవక్త (సఅసం) ఆచరించి చూపారు. జకాత్ ఎంత శాతం ఇవ్వాలో కూడా ఆయనే వివరించారు. వారసత్వం విషయంలో మాత్రం సగం, నాలుగో వంతు, ఎనిమిదో వంతు, మూడింట రెండు వంతులు, మూడో వంతు, ఆరో వంతు అని అల్లాహ్ స్వయంగా తన గ్రంథంలోనే లెక్కలు నిర్ణయించాడు (అన్నిసా: 11, 12, 176). ఆ వెంటనే 13, 14 ఆయతుల్లో ఇవి తాను గీసిన హద్దులని, వీటిని పాటించేవారికి స్వర్గం ఉందని, మీరేవారికి నరకం, అవమానకరమైన శిక్ష ఉన్నాయని హెచ్చరించాడు. మనిషి తన తెలివితో, తన అవసరంతో ఈ లెక్కను మార్చుకోకుండా దారులన్నీ మూసివేయడం జరిగింది.

ఈ ఆయతుల అవతరణ నేపథ్యం కూడా మనం గుర్తుంచుకోవాలి. హిజ్రీ 3వ సంవత్సరంలో జరిగిన ఉహద్ యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) వీరమరణం పొందారు. ఆయనకు ఇద్దరు కూతుళ్లు. ఆయన సోదరుడు అప్పటి ఆచారం ప్రకారం ఆస్తి మొత్తాన్ని తీసేసుకున్నాడు. సఅద్ (రజి) భార్య ఆ ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చి విషయం చెప్పుకున్నారు. చేతిలో ఏమీ లేకపోతే ఈ పిల్లల పెళ్లిళ్లు ఎలా అవుతాయని మొరపెట్టుకున్నారు. దీనిపై అల్లాహ్ తీర్పు చెబుతాడని ఆయన అన్నారు. ఆ తర్వాత వారసత్వ ఆయతు అవతరించింది. దైవప్రవక్త (సఅసం) ఆ పినతండ్రిని పిలిపించి, ఇద్దరు కూతుళ్లకు మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలింది అతన్ని తీసుకోమని ఆజ్ఞాపించారు. ఈ సంఘటనను హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించగా తిర్మిజీ, అబూదావూద్ గ్రంథాలు నమోదు చేశాయి.

గమనించండి! ఒక తల్లి వచ్చి తన పిల్లల హక్కు అడిగితే ఆమెను ఎవరూ దురాశాపరురాలు అనలేదు. బంధుత్వం చెడుతుంది, ఊరుకోమని సలహా ఇవ్వలేదు. ఆమె అడిగిన ప్రశ్నకు ఆకాశం నుంచి జవాబు వచ్చింది. ఈ రోజు మన ఇళ్లలో అదే ప్రశ్న అడిగే స్త్రీకి ఏ జవాబు వస్తోంది?

ముందు లెక్క తెలియాలి

మనిషి మరణించిన తర్వాత అతని ఆస్తి నుంచి ముందుగా కఫన్, దఫన్ ఖర్చులు తీయాలి. తర్వాత అప్పులు తీర్చాలి. భార్యకు మహర్ చెల్లించకుండా మరణిస్తే అదీ అప్పే. ఆ తర్వాత అతను వీలునామా (వసియ్యత్) చేసి ఉంటే మూడో వంతుకు మించకుండా దాన్ని అమలుచేయాలి. వారసునికి అనుకూలంగా చేసిన వసియ్యత్ మిగతా వారసుల అంగీకారం లేకుండా చెల్లదు. ఇవన్నీ పోగా మిగిలిందే వారసులకు చెందుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక వ్యక్తి భార్యను, ఇద్దరు కొడుకులను, ఇద్దరు కూతుళ్లను వదిలి మరణించాడు. అతని తల్లిదండ్రులు అంతకుముందే చనిపోయారు. అప్పులన్నీ పోను 24 లక్షల రూపాయల ఆస్తి మిగిలింది. భార్యకు ఎనిమిదో వంతు, అంటే 3 లక్షలు. మిగిలిన 21 లక్షలను ఆరు భాగాలు చేస్తే ఒక్కో కొడుకుకు రెండు భాగాల చొప్పున 7 లక్షలు, ఒక్కో కూతురికి ఒక భాగం చొప్పున మూడున్నర లక్షలు వస్తాయి.

ఈ లెక్కను ఆ ఇంట్లో ఎవరైనా కాగితం మీద రాసి ఆ అమ్మాయిలకు చూపించారా? చాలా ఇళ్లలో ఇది జరగదు. తన వాటా మూడున్నర లక్షలని తెలియని మనిషి మూడున్నర లక్షలు వదులుకున్నదని ఎలా అనగలం? తెలియని దాన్ని మాఫీ చేయడమంటే కళ్లకు గంతలు కట్టి సంతకం తీసుకోవడమే కదా!

‘వద్దు’ అన్న మాట వెనక ఏముంది?

నలభయ్యో రోజు ఫాతిహా పేరుతో బంధువులంతా చేరతారు. పెద్దలు కూర్చుంటారు. అన్నయ్య గొంతు సవరించుకుని, “నాన్న ఇల్లు ఒక్కటే ఉంది. మీరేమంటారమ్మా?” అని అడుగుతాడు. అందరి కళ్లూ ఆమె మీదే. తల్లి కొంగు నోటికి అడ్డుపెట్టుకుని చూస్తూ ఉంటుంది. ఆమె ‘కావాలి’ అంటే ఏమవుతుందో ఆమెకు తెలుసు. రేపటి నుంచి పండగకు పిలుపు రాదు. కూతురి పెళ్లికి మేనమామ రాడు. భర్తతో మాట వచ్చి పుట్టింటికి వస్తే తలుపు తెరవడానికి వదిన ఆలోచిస్తుంది. ఆమె తల వంచుకుని, “నాకేం వద్దు భాయీజాన్, మీరు చల్లగా ఉంటే చాలు” అంటుంది. పెద్దలు ‘మాషా అల్లాహ్, ఎంత మంచి పిల్ల!’ అంటారు. అక్కడితో పంపకం ముగుస్తుంది.

ఇది అంగీకారమేనా? ఇదే మనం తేల్చుకోవలసిన నైతిక ప్రశ్న. నోటితో పలికిన మాటే అంగీకారమా, లేక మనసు ఒప్పుకోవడం అంగీకారమా?

మహర్ గురించి దివ్యఖుర్ఆన్ (అన్నిసా: 4) చెప్పిన విధానం మనకు ఇక్కడ దారి చూపుతుంది. ముందు స్త్రీలకు వారి మహర్ సంతోషంగా ఇచ్చేయమని ఆజ్ఞ. ఆ తర్వాతే, వారు తమ మనస్ఫూర్తితో అందులో కొంత వదిలిపెడితే అనుభవించవచ్చని అనుమతి. ముందు ఇవ్వడం, తర్వాతే వదలడం. అదీ నోటి మాటతో కాదు, మనసు ఇష్టపడి వదలాలి. ఈ ‘తీబె నఫ్స్’ (మనస్ఫూర్తి) అన్న షరతు మహర్‌కే పరిమితం కాదు. ఒక ముస్లిం సొమ్ము అతని మనస్ఫూర్తి లేకుండా మరొకరికి ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (సఅసం) బోధించినట్లు ముస్నద్ అహ్మద్ తదితర గ్రంథాల్లో ఉంది.

ఇమామ్ గజాలీ (రహ్మలై) తన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’లో ఈ విషయాన్ని ఎంతో లోతుగా చర్చించారు. నలుగురి ముందు అడిగితే సిగ్గుపడి ఇచ్చినవాని సొమ్ము బలవంతంగా లాక్కున్న సొమ్ము వంటిదేనని ఆయన అభిప్రాయం. కొరడాతో ఒంటిని కొట్టడానికి, సిగ్గు అనే కొరడాతో మనసును కొట్టడానికి ఆయన తేడా చూడలేదు. అభిమానం గల మనిషికి రెండో దెబ్బే ఎక్కువ బాధిస్తుంది. మన సోదరీమణుల్లో ఎంతమంది ఒంటి మీద ఈ కొరడా దెబ్బలు కనిపించకుండా ఉన్నాయో ఆలోచించండి.

జనాజా లేవబోయే ముందు భార్యను తీసుకొచ్చి, “మహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా” అని నలుగురు అడిగే దురాచారం కూడా ఇలాంటిదే. భర్త శవం ముందు నిలబడి ‘చేయను’ అనగలిగే స్త్రీ ఎక్కడైనా ఉంటుందా? అనడానికి వీల్లేని చోట ‘సరే’ అన్న మాటకు విలువ ఏముంది?

ఫిఖ్హ్ పండితుల మాట

ఇది కేవలం మనసుకు సంబంధించిన సూక్ష్మ విషయం మాత్రమే కాదు. ధర్మశాస్త్రం కూడా ఇదే మాట చెబుతోంది. మనిషి మరణించిన క్షణం నుంచే వారసుడు తన వాటాకు యజమాని అవుతాడు. అతను అడగనవసరం లేదు, ఒప్పుకోనవసరమూ లేదు. హిజ్రీ 10వ శతాబ్దపు హనఫీ పండితుడు అల్లామా ఇబ్నె నుజైమ్ (రహ్మలై) తన ‘అల్ అష్బాహ్ వన్నజాయిర్’లో, వారసుడు ‘నా హక్కు వదిలేశాను’ అన్నంత మాత్రాన అతని హక్కు రద్దయిపోదని స్పష్టం చేశారు. ఎందుకంటే ఒక వస్తువు మీద యాజమాన్యం వదిలేశానన్న మాటతో పోయేది కాదు. దాన్ని మరొకరికి సరైన పద్ధతిలో అప్పగిస్తేనే పోతుంది.

ఆ సరైన పద్ధతులు రెండు. ఒకటి, ఆమె తన వాటాను వేరుచేయించుకుని, స్వాధీనం (కబ్జా) తీసుకుని, ఆ తర్వాత తన ఇష్టప్రకారం హిబాగా ఇవ్వడం. స్వాధీనం లేకుండా హిబా పూర్తికాదన్నది హనఫీ ఫిఖ్హ్‌లో ప్రసిద్ధ సూత్రం. రెండోది, ‘తఖారుజ్’. అంటే వారసుల్లో ఒకరు పరస్పర అంగీకారంతో ఆస్తిలోంచి ఒక వస్తువో, కొంత సొమ్మో తీసుకుని మిగతా ఆస్తి నుంచి తప్పుకోవడం. ఇక్కడా ఆమె ఏదో ఒకటి తీసుకుని తప్పుకుంటోంది, వట్టి చేతులతో కాదు. మైనర్ పిల్లల వాటానైతే తల్లి గానీ అన్న గానీ, ఎవరూ మాఫీ చేయలేరు.

అబూదావూద్‌లో హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించిన ఒక సంఘటన ఉంది. ఇద్దరు వ్యక్తులు వారసత్వ వివాదంతో దైవప్రవక్త (సఅసం) దగ్గరకు వచ్చారు. ఇద్దరి దగ్గరా సాక్ష్యాల్లేవు. తాను విన్నదాని ప్రకారం తీర్పు ఇస్తానని, ఎవరికైనా తన సోదరుని హక్కులో ఏదైనా తన తీర్పు వల్ల దక్కితే అతను తీసుకున్నది నిప్పు ముక్కేనని ఆయన హెచ్చరించారు. ఆ మాట వినగానే ఇద్దరూ ఏడ్చేశారు. ‘నా హక్కు నీకే’ అని ఒకరితో ఒకరు అన్నారు. అయినా దైవప్రవక్త (సఅసం) అంతటితో వదిలిపెట్టలేదు. వెళ్లి, పంచుకుని, ఎవరి హక్కు ఎంతో శ్రద్ధగా చూసుకుని, చీటీలు వేసుకుని, ఆ తర్వాత ఒకరినొకరు మన్నించుకోమన్నారు. కన్నీళ్లతో, హృదయపూర్వకంగా వదులుకున్నవారికి కూడా ముందు పంపకమే చేసుకోమని బోధించారంటే, మనం మొహమాటంతో తీసుకున్న ‘వద్దు’ను ఏమనుకోవాలి?

మనం చెప్పుకునే సాకులు

“పెళ్లికి అంత ఖర్చు పెట్టాం, జహేజ్ ఇచ్చాం. ఇంకా వాటా ఏమిటి?” అంటారు కొందరు. వారసత్వం మరణంతోనే మొదలవుతుంది. బతికుండగా తండ్రి ఇచ్చింది వారసత్వం కాదు. ఆ సొమ్ములో చాలా భాగం ఆమె చేతికి రానేలేదు, అత్తింటివారి కోరికలకు పోయింది. ఆచారం పేరిట కట్నమిచ్చి ఒక తప్పు చేసి, ఆ తప్పునే చూపి హక్కును ఎగ్గొట్టడం రెండో తప్పు. అయినా తండ్రి కొడుకు చదువుకు, దుకాణానికి, వీసాకు పెట్టిన ఖర్చును కొడుకు వాటాలోంచి ఎవరైనా తీసేస్తున్నారా?

“నాన్న బతికుండగానే అంతా మా పేరున రాశారు” అంటారు మరికొందరు. హజ్రత్ నుఅమాన్ బిన్ బషీర్ (రజి)కు ఆయన తండ్రి ఒక కానుక ఇచ్చి, దానికి దైవప్రవక్త (సఅసం)ను సాక్షిగా ఉండమన్నారు. పిల్లలందరికీ ఇలాగే ఇచ్చావా అని ఆయన అడిగారు. లేదనగానే సాక్ష్యానికి నిరాకరించి, పిల్లల మధ్య న్యాయంగా వ్యవహరించమని ఆదేశించారు (బుఖారీ, ముస్లిం). స్వాధీనంతో సహా ఇచ్చిన హిబా ఫిఖ్హ్ ప్రకారం చెల్లవచ్చు. కానీ కూతుళ్లను వంచించే ఉద్దేశంతో ఇచ్చిన తండ్రి అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవాలి. నాన్న మీద నిజంగా ప్రేమ ఉన్న కొడుకు ఆ భారాన్ని ఆయన సమాధిలో వదిలేయడు. సోదరికి ఇచ్చి దించుతాడు.

“అమ్మానాన్నల్ని చూసుకుంది మేమే” అన్న మాటలో నిజం ఉంది, బాధ కూడా ఉంది. ఆ సేవకు ప్రతిఫలం అల్లాహ్ దగ్గర ఉంది. దాన్ని సోదరి వాటాతో తూచి అమ్ముకోకండి. అయితే తండ్రి ఇంట్లో కొడుకు తన సొంత సొమ్ము పెట్టి గదులు కట్టి ఉంటే, లేదా అప్పుగా ఇచ్చి ఉంటే, అది వేరే లెక్క. ఆధారాలతో తెలిసిన పండితుని ముందు పెట్టి తేల్చుకోవాలి. తనకు తానే న్యాయమూర్తి కాకూడదు.

“ఆమె కాదు, బావగారే అడిగిస్తున్నాడు” అంటారు. అలా జరిగే ఇళ్లూ ఉన్నాయి. ఆ వాటా ఆమెది, భర్తది కాదు. అది ఆమె పేరున ఉండేలా చూడండి. అంతేగాని దొంగ భయం చూపి ఇల్లుగలవాడికే ఇల్లు ఇవ్వకపోవడం ఏ న్యాయం?

సగం గురించి వాదించే ముందు

కొడుకుకు రెండు భాగాలు, కూతురికి ఒకటి ఎందుకని ఇతరులు అడిగినప్పుడు మనం చక్కగా జవాబిస్తాం. భార్యాబిడ్డల పోషణ, మహర్ బాధ్యత పురుషునివని, స్త్రీ సొమ్ము మీద ఏ కుటుంబ భారమూ పెట్టలేదని వివరిస్తాం. సంతానం ఉన్న వ్యక్తి మరణిస్తే అతని తల్లికి కూడా తండ్రిలాగే ఆరో వంతు వస్తుందని, స్త్రీకి ప్రతి చోటా సగమే కాదని చూపిస్తాం. ఈ జవాబులు సరైనవే. కానీ ఆ సమాధానం చెప్పి ఇంటికి వెళ్లిన మనిషి తన సోదరికి ఆ ఒక్క భాగమైనా ఇవ్వకపోతే, ఇస్లాం న్యాయానికి ఎదురు సాక్ష్యం చెప్పేది ఎవరు? ప్రశ్నించిన ఇతరుడా, వాదించిన ఇతనా?

మన దేశంలో 1937లో వచ్చిన షరీఅత్ అనువర్తన చట్టానికి ఒక ముఖ్య కారణం, స్థానిక ఆచారాలు ముస్లిం స్త్రీల వారసత్వ హక్కును కాజేస్తుండటమే. ఆచారం స్థానంలో షరీఅత్ రావాలని పెద్దలు పోరాడారు. ఆ షరీఅత్ పేరు చెప్పుకుంటూ మళ్లీ ఆచారాన్నే పాటిస్తే ఆ పోరాటానికి అర్థమేముంది? ఆ చట్టం మొదట వ్యవసాయ భూమిని మినహాయించింది. అల్లాహ్ గ్రంథంలో మాత్రం అలాంటి మినహాయింపు లేదు. పొలమైనా, ఇల్లయినా, అంగడైనా, నగలైనా ఒకటే లెక్క. అన్యాయంగా జానెడు భూమి తీసుకున్నవాని మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయన్న హెచ్చరిక బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. రిజిస్ట్రార్ ఆఫీసులో పెట్టిన సంతకం ఆ మెడను కాపాడదు.

ఇప్పుడేం చేయాలి?

పంపకం ఆలస్యం చేయకండి. ఆలస్యమైన కొద్దీ లెక్క చిక్కుపడుతుంది. ఫరాయిజ్ తెలిసిన ఆలిమ్ చేత ప్రతి వారసుని వాటా రాయించి, సోదరీమణులకు ఒంటరిగా, ప్రశాంతంగా చదివి వినిపించండి. వాటా వేరుచేసి వారి స్వాధీనంలో ఉంచండి. ఇంటిని విడగొట్టే వీలు లేకపోతే నేటి ధర కట్టి సొమ్ము ఇవ్వండి. ఒక్కసారిగా ఇచ్చే శక్తి లేకపోతే ఆమె ఒప్పుకున్న గడువులు పెట్టుకుని రాతపూర్వకంగా అప్పుగా నమోదు చేయండి. సొమ్ము చేతికొచ్చి, కొంతకాలం గడిచాక, ఎవరూ అడగకుండా ఆమె తనంతట తానే తమ్మునికి ఇస్తే అది నిజమైన కానుక. దాన్ని సంతోషంగా తీసుకోవచ్చు. ఇచ్చేశాక ఆమె ఎన్నిసార్లు ‘తీసుకో’ అంటుందో చూడండి. మనం ఇన్నాళ్లూ విన్న ‘వద్దు’కు అసలు అర్థం అప్పుడే తెలుస్తుంది.

తండ్రి తన సోదరికి, అంటే మన మేనత్తకు ఇవ్వని వాటా కూడా మన ఇంట్లో ఉండవచ్చు. ఏళ్లు గడిచినంత మాత్రాన అల్లాహ్ దగ్గర అది మనది కాదు. మేనత్త లేకపోతే ఆమె వారసులున్నారు. వెతికి వారికి చెల్లించడమే దారి.

సోదరీమణులారా! మీ హక్కు అడగడం దురాశ కాదు, నిర్లజ్జ కాదు. మర్యాదగా, మంచి మాటతో అడగండి. మీరు అడిగితే మీ అన్నదమ్ములు రేపటి లెక్క నుంచి తప్పించుకునే అవకాశం పొందుతారు. ఇది వారి పట్ల మీరు చూపే దయ కూడా. తల్లులారా! అడిగిన కూతురి నోరు నొక్కకండి.

నమాజు, ఉపవాసాలు, జకాత్‌లతో ప్రళయదినాన వచ్చిన ఒక వ్యక్తి, ఇతరుల సొమ్ము తిన్నందుకు, ఇతరులను బాధించినందుకు తన పుణ్యాలన్నీ హక్కుదారులకు పోగొట్టుకుని, వారి పాపాలు నెత్తిన వేసుకుని నరకానికి వెళతాడని, అసలైన దివాలాకోరు అతనేనని దైవప్రవక్త (సఅసం) బోధించారు (ముస్లిం). ఆ హక్కుదారుల వరుసలో పరాయివారు నిలబడితేనే భయంకరం. మన చేయి పట్టుకుని నడక నేర్పిన అక్కే అక్కడ నిలబడితే? ఆనాడు ఆమె ‘నాకొద్దు’ అనదు.

కనుక ఆమె ఇక్కడ ఉండగానే, మనం ఇక్కడ ఉండగానే ఆమె వాటా ఆమెకు ఇచ్చేద్దాం. అల్లాహ్ మనందరికీ హక్కుదారుల హక్కులు నెరవేర్చే సద్బుద్ధిని, మన సంపాదనలో శుభాన్ని (బర్కత్‌ను) ప్రసాదించుగాక! ఆమీన్.